మానిటర్ కొనేముందు టీవీ రిమోట్ తీయండి

మీ హాల్లో ఉన్న టీవీ మీకు బొమ్మ మొత్తం చూపించకపోవచ్చు. చాలా టీవీలు షాపులోంచి వచ్చినప్పుడు నాలుగు వైపులా కాస్త కాస్త కోసేసి, మిగిలినదాన్ని సాగదీసి తెర నిండా పరిచేలా సెట్ అయి ఉంటాయి. సినిమా చూసేటప్పుడు ఈ సంగతి తెలీదు. హీరో భుజం పక్కన నాలుగు వేళ్ల గోడ పోతే ఎవరికి పట్టింది? అదే టీవీకి డెస్క్‌టాప్ కంప్యూటర్ తగిలించి చూడండి. స్టార్ట్ బటన్ సగం మాయం. కింద టైమ్ కనబడదు. అక్షరాలన్నీ తడిసిన కాగితం మీద ఇంకు పెన్నుతో రాసినట్టు అలుక్కుపోయి ఉంటాయి.

అప్పుడు మనం ఏం చేస్తాం? కేబుల్‌ని తిడతాం. తర్వాత కంప్యూటర్ పాతదైపోయిందంటాం. ఆ తర్వాత ఎవరో "కార్డు మార్చాలి" అంటారు, ఇంకెవరో "టీవీలు దానికి పనికిరావు, మానిటర్ కొనాల్సిందే" అంటారు. చాలాసార్లు టీవీ బాగానే ఉంటుంది, కంప్యూటర్ కూడా బాగానే ఉంటుంది. రెండింటి మధ్య మాట కుదరదు, అంతే. ఆ మాట కుదర్చడం ఎలాగో ఈ వారం చూద్దాం. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: కంప్యూటర్ పంపే ఒక్కో చుక్క టీవీలో ఒక్కో చుక్క మీదే కూర్చోవాలి. అలా కూర్చుంటే అక్షరం స్పష్టంగా ఉంటుంది. కూర్చోకపోతే ఎంత ఖరీదైన కేబుల్ వేసినా లాభం లేదు.

బోధన్ నుంచి రెండు ఫోటోలు

మా కాక వాళ్లు ఉండేది బోధన్ శక్కర్‌నగర్‌లో. పేరులోనే చక్కెర ఉంది కదా. 1930ల చివర్లో నిజాం హయాంలో మొదలైన షుగర్ ఫ్యాక్టరీని ఆనుకుని పెరిగిన కాలనీ అది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించారు. ఆ జీతం మీద నడిచిన ఇళ్లలో కాక వాళ్లదీ ఒకటి. అప్పట్నుంచీ ఆ ఇంట్లో పదివేల ఖర్చు అంటే నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

కాక కూతురు బీకాం చేసింది. నిజామాబాద్‌లో ఒక అకౌంటెంట్ పంపే బిల్లులు ఇంట్లో కూర్చుని ట్యాలీలో ఎక్కిస్తుంది. ఎక్కువగా పసుపు వ్యాపారుల కొనుగోళ్లు. బిల్లుకింత అని డబ్బులు. నిజామాబాద్ యార్డుకి పసుపు వచ్చే నెలల్లోనే తనకి నాలుగు రూపాయలు కనబడతాయి. సరిగ్గా ఆ సీజన్ మధ్యలో మానిటర్ పోయింది. హాల్లో నలభై మూడు అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంది, ఈఎంఐ కూడా ఇంకా తీరలేదు. దానికే కంప్యూటర్ తగిలించింది.

రెండో రోజు రాత్రి ఫోన్.

"అన్నా, కండ్లు గుంజుతున్నయ్. మూడు, ఎనిమిది ఒక్కతీరే కనవడ్తున్నయ్. పదమూడు వేల నాలుగొందల యాభై బిల్లును పద్దెనిమిది వేల నాలుగొందల యాభై అని కొట్టిన. సార్ ఇంకోసారి గిట్లయితే పని వేరేటోళ్లకు ఇస్త అన్నడు."

జీఎస్టీ నంబర్‌లో ఒక అక్షరం తప్పు కొడితే పోర్టల్ పట్టేస్తుంది. 15 అక్షరాల్లో చివరిది అందుకే ఉంది, మిగతావి సరిగా ఉన్నాయో లేదో సరిచూడ్డానికి. కానీ బిల్లు మొత్తానికి అలాంటి కాపలా లేదు. పదమూడుని పద్దెనిమిది అని కొడితే సాఫ్ట్‌వేర్ మారు మాట్లాడకుండా తీసుకుంటుంది. నెలాఖరులో లెక్కలు కలవనప్పుడు గానీ బయటపడదు. మసక తెర ఖరీదు అలా ఉంటుంది.

ఇక కాక ఊళ్లో ఒక షాపుకి వెళ్లొచ్చాడు. "గ్రాఫిక్స్ కార్డు ఎయ్యాలె, మానిటర్ కొత్తది తీస్కోవాలె, పద్నాలుగు వేలయితది అన్నడు బిడ్డా. చిట్టీ ఎత్తుత ఇగ, ఏం జేస్తం" అన్నాడు నాతో. గడువుకి ముందే చిట్టీ ఎత్తితే ఎంత పోతుందో మన ఇళ్లల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

"రెండు రోజులు ఆగు కాకా" అన్నాను. చెల్లెను రెండు ఫోటోలు పంపమన్నాను. ఒకటి టీవీ తెర మొత్తం కనబడేలా, ఇంకోటి కంప్యూటర్ వెనక వైపు వైర్లు కనబడేలా. మీ ఇంట్లో ఇదే సమస్య ఉంటే మీరూ మొదట ఈ రెండు ఫోటోలు తీసుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

వెనక వైపు ఫోటో ఏం చెప్పింది

అది ఆఫీసులు వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. మన ఊళ్లలో స్టూడెంట్లు ఎక్కువగా కొనేవి ఇవే. వెనకాల నీలం రంగు పిన్నుల సాకెట్ ఉంది, అంటే వీజీఏ. పాత మానిటర్ దానికే ఉండేది. కొత్త టీవీకి వీజీఏ లేదు కాబట్టి మధ్యలో అగ్గిపెట్టెంత కన్వర్టర్ డబ్బా ఒకటి పెట్టారు. కానీ ఫోటోలో నా కంటికి ముందు తగిలింది ఆ పక్కన ఖాళీగా ఉన్న రెండు సాకెట్లు. హెచ్‌డీఎంఐ లాగే ఉంటాయి, కానీ ఒక మూల మాత్రమే కోసినట్టు ఉంటుంది. వాటిని డిస్‌ప్లేపోర్ట్ అంటారు. ఆఫీసు డెస్క్‌టాప్‌లలో ఇవి చాలా మామూలు.

వీజీఏ 1987లో వచ్చింది. అది అనలాగ్. ఇక్కడ నలుపు, ఇక్కడ తెలుపు అని చుక్కలు లెక్కపెట్టి పంపదు. తగ్గుతూ పెరుగుతూ ఉండే వోల్టేజీని పంపుతుంది. ఏ చుక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అవతల ఉన్న డబ్బా అంచనా వేసుకోవాలి. ఆ అంచనా అర చుక్క అటూ ఇటూ అయినా నిలువు గీతలన్నీ పక్కకి మసకబారతాయి. మూడుకీ ఎనిమిదికీ మధ్య ఉన్న తేడా ఎడమ వైపు ఒకటి రెండు చుక్కలే కదా. మొదట పోయేది అదే.

హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్, పాత డీవీఐ-డీ ఇవన్నీ డిజిటల్. చుక్క విలువ అంకెగా వెళ్తుంది, అంకెగా చేరుతుంది. అంచనా వేసే పని ఉండదు. అందుకే మీ కంప్యూటర్ వెనక చూసేటప్పుడు ఈ వరస పాటించండి:

- హెచ్‌డీఎంఐ ఉంటే అదే వాడండి.
- అది లేక డిస్‌ప్లేపోర్ట్ ఉంటే ఒక వైపు డిస్‌ప్లేపోర్ట్, రెండో వైపు హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్ తెచ్చుకోండి. షాపులో "కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, టీవీ వైపు హెచ్‌డీఎంఐ" అని స్పష్టంగా చెప్పండి. మామూలుగా ఈ కేబుళ్లు ఒకే దిశలో పనిచేస్తాయి, తిరగేస్తే బొమ్మ రాదు.
- డీవీఐ ఉంటే డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు. బొమ్మ బాగా వస్తుంది, సౌండ్ మాత్రం చాలా కంప్యూటర్లలో రాదు.
- ఇవేవీ లేనప్పుడే వీజీఏ.

ఇంకో మాట. మీ డెస్క్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే వెనక రెండు చోట్ల సాకెట్లు ఉంటాయి. పైన యూఎస్‌బీల పక్కన ఉండేవి మదర్‌బోర్డువి, కింద అడ్డంగా ఉండేవి కార్డువి. కేబుల్ కార్డుకే పెట్టాలి. మదర్‌బోర్డుకి పెట్టి, 'నో సిగ్నల్' వచ్చిందని టీవీనే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లినవాళ్లు నాకు తెలుసు.

చెల్లెకు కావలసింది ఆ ఒక్క కేబుల్. నిజామాబాద్‌లో ఐదొందల లోపే దొరికింది. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఎందుకంటే ఫుల్ హెచ్‌డీలో ట్యాలీ, బ్రౌజర్ నడపడానికి ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ ఎక్కువే.

కేబుల్ మార్చాక అక్షరాలు కొంచెం తేరుకున్నాయి. కానీ స్టార్ట్ బటన్ ఇంకా సగమే కనబడుతోంది. ఇప్పుడు రెండో ఫోటో సంగతి.

స్టెబిలైజర్ రోజుల అలవాటు

టీవీ అంచులు ఎందుకు కోస్తుంది? దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. ఇప్పుడు లోపంలా కనబడుతోంది గానీ, ఒకప్పుడు ఇది మందు.

లావుపాటి పిక్చర్ ట్యూబ్ టీవీలు నా వయసువాళ్లు చిన్నప్పుడు చూసే ఉంటారు. ట్యూబ్ వెనక నుంచి ఎలక్ట్రాన్ల పుంజం వచ్చి తెర మీద గీత తర్వాత గీత గీస్తూ పోయేది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో ఒక బొమ్మకి 625 గీతలు, అందులో బొమ్మ ఉండేవి 576. సెకనుకి 25 బొమ్మలు. ఆ పుంజాన్ని అటూ ఇటూ, పైకీ కిందకీ తిప్పేది చుట్టూ ఉన్న కాయిళ్లలో కరెంటు. ఆ కరెంటు తగ్గితే పుంజం చివరిదాకా వెళ్లదు. బొమ్మ చిన్నదైపోతుంది.

ఇది మన వైపు పెద్దవాళ్లని అడగండి. చెరుకు, వరి పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే ఊళ్లో వోల్టేజీ పడిపోయేది. హాల్లో టీవీ బొమ్మ నాలుగు వైపులా ముడుచుకుని చుట్టూ నల్ల పట్టీ వచ్చేది. అందుకే టీవీ పక్కన స్టెబిలైజర్, దాని మీద టీవీకి కుట్టినట్టే ఒక గుడ్డ.

ప్రపంచమంతా ఏదో ఒక రూపంలో ఇదే గొడవ. ట్యూబ్ పాతబడినా, వేడెక్కినా బొమ్మ సైజు మారేది. దానికి కంపెనీలు కనిపెట్టిన ఉపాయం సింపుల్: బొమ్మని తెర కంటే కాస్త పెద్దదిగానే గీయాలి. అంచులు చట్రం వెనక దాక్కుంటాయి. బొమ్మ కాస్త ముడుచుకున్నా నల్ల పట్టీ కనబడదు. టీవీ చానళ్లు కూడా అందుకు తగ్గట్టు పేర్లు, ముఖాలు అంచుల నుంచి లోపలికి జరిపి పెట్టడం అలవాటు చేసుకున్నాయి.

ఇప్పటి ఎల్ఈడీ టీవీలో పుంజం లేదు, కాయిళ్లు లేవు. 1920 నిలువు వరసలు, 1080 అడ్డ వరసలు, మొత్తం 20,73,600 చుక్కలు. అవి ఫ్యాక్టరీలో ఎక్కడ ఉంటే జన్మంతా అక్కడే. వోల్టేజీ పడితే టీవీ ఆగిపోతుందేమో గానీ బొమ్మ ముడుచుకోదు. కోయాల్సిన అవసరం పోయింది, కానీ అలవాటు మెనూలో మిగిలిపోయింది.

లెక్క చూడండి. టీవీ మొత్తం మీద ఐదు శాతం కోసిందనుకుందాం. కంప్యూటర్ 1920×1080 పంపుతుంది. టీవీ అందులోంచి మధ్యలో 1824×1026 ముక్క తీసుకుని, దాన్ని మళ్లీ 1920×1080కి సాగదీస్తుంది. అంటే 95 చుక్కల మేటర్ 100 చుక్కల్లో సర్దాలి. చుక్కని ముక్కలు చేయలేం కాబట్టి పక్క పక్క చుక్కల రంగులు కలిపి నింపుతుంది. ఒక్క చుక్క మందం ఉన్న నల్లగీత రెండు బూడిద చుక్కలవుతుంది. ఎనిమిదికి మూడుకి మధ్య ఆ సన్న సందు అక్కడే పూడిపోతుంది.

రిమోట్‌తో రెండు నిమిషాల పని

టీవీని హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లో ఉంచి, పిక్చర్ సెట్టింగ్స్‌లో 'పిక్చర్ సైజ్' లేదా 'యాస్పెక్ట్ రేషియో' వెతకండి. కంపెనీని బట్టి పేరు మారుతుంది:

- ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్'.
- శాంసంగ్‌లో 'స్క్రీన్ ఫిట్' లేదా 'ఫిట్ టు స్క్రీన్'.
- సోనీలో 'డిస్‌ప్లే ఏరియా' దగ్గర 'ఫుల్ పిక్సెల్' లేదా '+1'.
- మిగతావాటిలో 'డాట్ బై డాట్', '1:1', 'ఒరిజినల్', లేదా నేరుగా 'ఓవర్‌స్కాన్ ఆఫ్'.

'16:9' అని ఉంటే అది సరిపోయిందనుకోకండి. కొన్ని టీవీల్లో 16:9 అంటేనే కోత.

ఇక్కడ చాలామంది వేరే దారి పడతారు. టీవీ కోస్తోంది కదా అని కంప్యూటర్ వైపు గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్‌ని కుదించి సరిపెడతారు. ఎన్విడియాలో సైజు సర్దే ఆప్షన్, ఏఎండీలో 'హెచ్‌డీఎంఐ స్కేలింగ్' స్లైడర్ ఉన్నాయి. అంచులు కనబడతాయి, నిజమే. కానీ కంప్యూటర్ ఒకసారి కుదించింది, టీవీ మళ్లీ సాగదీసింది. మసక రెండింతలు. చొక్కా పొడుగైందని ఉతికి కుదించి మళ్లీ ఇస్త్రీ పెట్టెతో లాగినట్టు. కోత ఆపాల్సింది టీవీ దగ్గరే. టీవీలో ఏ ఆప్షనూ దొరక్కపోతేనే కంప్యూటర్ వైపు వెళ్లండి. తిరగేసి, చుట్టూ నల్ల పట్టీ వస్తుంటే మాత్రం అది కంప్యూటర్ పనే. ఏఎండీ స్లైడర్‌ని సున్నాకి తెచ్చేయండి.

కోత ఆగిందని ఎలా తెలుస్తుంది? పెయింట్ తెరవండి. 1920×1080 సైజు బొమ్మ పెట్టి, సరిగ్గా అంచు వెంబడి ఒక్క చుక్క మందంతో ఎర్ర చట్రం గీయండి. సేవ్ చేసి ఫుల్ స్క్రీన్‌లో చూడండి. నాలుగు వైపులా ఎర్రగీత కనబడితే టీవీ మీకు మొత్తం చూపిస్తోంది. ఏ వైపు లేకపోతే అటు ఇంకా కోస్తోంది.

విండోస్‌లో చూడాల్సినవి

సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే. రిజల్యూషన్ దగ్గర మీ టీవీ అసలు లెక్క ఉండాలి. ఆ పక్కనే 'రికమెండెడ్' అని కనబడుతుంది. కంప్యూటర్‌కి ఆ లెక్క ఎలా తెలుసంటే, కేబుల్ పెట్టగానే టీవీ తన వివరాలు ఒక చిన్న చీటీలాగా పంపుతుంది. దాన్ని ఈడీఐడీ అంటారు. మధ్యలో చవక కన్వర్టర్ డబ్బాలు ఉంటే ఆ చీటీ సరిగా అందకపోవచ్చు. అప్పుడు 1024×768 లాంటి పాత సైజులే కనబడతాయి.

తర్వాత 'అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే'లోకి వెళ్లండి. అక్కడ డెస్క్‌టాప్ రిజల్యూషన్, బయటికి వెళ్తున్న సిగ్నల్ రిజల్యూషన్ విడివిడిగా చూపిస్తుంది. రెండూ ఒకటే ఉండాలి. రిఫ్రెష్ రేట్ 60 హెర్ట్జ్ ఉండాలి. అక్షరాలు చిన్నగా ఉన్నాయని రిజల్యూషన్ తగ్గించకండి. దాని బదులు 'స్కేల్'ని 125 లేదా 150 శాతం చేయండి. స్కేల్ పెంచితే అక్షరాన్ని ఎక్కువ చుక్కలతో కొత్తగా గీస్తుంది. రిజల్యూషన్ తగ్గిస్తే ఉన్నదాన్నే సాగదీస్తుంది. చూడ్డానికి రెండూ పెద్దగానే ఉంటాయి, చదవడానికి మాత్రం ఒకటే బాగుంటుంది.

రంగు దగ్గర ఇంకో మెలిక

అంచులు వచ్చాయి, రిజల్యూషన్ సరిగ్గా ఉంది, అయినా ఎర్ర అక్షరాలు మాత్రం అంచుల్లో చెదిరినట్టు ఉన్నాయా? టీవీ రంగు సమాచారాన్ని కొంత పారేస్తోందన్నమాట. మన కన్ను వెలుగు తేడాని పట్టినంత బాగా రంగు తేడాని పట్టదు. అందుకని వీడియోలో నాలుగు చుక్కలకి కలిపి ఒకే రంగు పంపడం ఆనవాయితీ. దీన్నే 4:2:0 అంటారు. సినిమాకి హాయిగా సరిపోతుంది. తెల్లటి ట్యాలీ పేజీలో ఎర్ర అంకెకి సరిపోదు. మనకి కావలసింది ప్రతి చుక్కకీ దాని రంగు, అంటే 4:4:4 లేదా ఆర్‌జీబీ.

చాలా టీవీల్లో దీనికి తాళం చెవి ఒక చిత్రమైన చోట ఉంటుంది: ఇన్‌పుట్ పేరులో. ఎల్‌జీ, శాంసంగ్ టీవీల్లో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌ని ఎడిట్ చేసి పేరు లేదా ఐకాన్ 'పీసీ' అని పెట్టండి. పేరు మారిస్తే ఏమవుతుందని నవ్వకండి. టీవీ ఆ పేరు చూసే సినిమా మర్యాదలు పక్కనపెట్టి, వచ్చిన చుక్కని వచ్చినట్టు చూపిస్తుంది. సోనీలో 'గ్రాఫిక్స్' లేదా 'గేమ్' పిక్చర్ మోడ్ ఆ పని చేస్తుంది. మౌస్ కదిపాక బాణం ఆలస్యంగా కదులుతున్నట్టుండే బాధ కూడా గేమ్ మోడ్‌లో తగ్గుతుంది. షార్ప్‌నెస్ బాగా తగ్గించేయండి. అక్షరాల చుట్టూ తెల్లటి నీడ వస్తోందంటే అది షార్ప్‌నెస్ చేసే హడావుడే.

నలుపు బూడిద రంగులో వెలిసిపోయినట్టు ఉన్నా, లేదా చీకటి భాగాలన్నీ ఒకే నల్లముద్దలా ఉన్నా కారణం ఇంకోటి. కంప్యూటర్ నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 255 అని లెక్కపెడుతుంది. టీవీ లోకం 16 నుంచి 235 అని లెక్కపెడుతుంది. ఒకళ్లు ఒక లెక్క, ఇంకొకళ్లు ఇంకో లెక్క అంటే బొమ్మ పాడవుతుంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో 'ఫుల్' పెడితే టీవీలో కూడా 'ఫుల్' పెట్టండి. రెండూ ఒకే మాట మీద ఉంటే చాలు.

మీ టీవీ నిజంగా ఫుల్ హెచ్‌డీయేనా?

ఇది ముందే అడగాల్సిన ప్రశ్న. మన ఇళ్లలో ఉన్న ముప్పై రెండు అంగుళాల టీవీల్లో చాలావాటి మీద 'హెచ్‌డీ రెడీ' అని ఉంటుంది. అంటే 1366×768, మొత్తం 10,49,088 చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో సగమే. అది 1920×1080 సిగ్నల్ తీసుకుంటుంది, కంప్యూటర్ కూడా 1080 అనే చూపిస్తుంది. కానీ లోపల దాన్ని కుదించి సగం చుక్కల్లో కూరుతుంది. ఇక్కడ ఏ సెట్టింగూ అద్భుతం చేయదు. విండోస్‌లో 1366×768 లేదా 1360×768 కనబడితే అది పెట్టి చూడండి. కనబడకపోతే స్కేల్ 150 చేసుకుని సర్దుకోవాలి. రోజంతా చదివే పనికైతే ఆ టీవీ వద్దు.

4కె టీవీ ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. 3840×2160 అంటే ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతల చుక్కలు. పాత కంప్యూటర్లలో ఉండే హెచ్‌డీఎంఐ 1.4 అంత సరుకుని సెకనుకి 30 సార్లే మోయగలదు. 60 సార్లు మోయాలంటే 2013లో వచ్చిన 2.0 కావాలి, అది కంప్యూటర్‌లోనూ టీవీలోనూ ఉండాలి. 30లో మౌస్ ఈడ్చినట్టు కదులుతుంది. అలాంటప్పుడు 1080లో 60 పెట్టుకోవడం నయం. కంప్యూటర్ కొత్తదైతే టీవీలో ఆ ఇన్‌పుట్‌కి పూర్తి వేగం ఇచ్చే ఆప్షన్ ఆన్ చేయాలి. శాంసంగ్‌లో 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్', సోనీలో 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్'.

ఎంత దూరంలో కూర్చోవాలి?

అన్నీ సరిగ్గా ఉన్నా నలభై మూడు అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో అంగుళానికి 51 చుక్కలే. ఇరవై ఒకటిన్నర అంగుళాల మానిటర్‌లో 102. మీ చేతిలో ఉన్న ఫోన్ ఆరున్నర అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్లస్ అయితే నాలుగొందల పైన. అందుకే టీవీ ముందు మానిటర్ ముందు కూర్చున్నట్టు కూర్చుంటే చుక్కలు లెక్కపెట్టొచ్చు. ముప్పై రెండు అంగుళాల ఫుల్ హెచ్‌డీకి నాలుగడుగులు, నలభై మూడుకి ఐదున్నర అడుగులు దూరం జరిగితే చుక్కలు విడివిడిగా కనబడవు. కీబోర్డు, మౌస్ వైరు అందకపోతే వైర్‌లెస్ సెట్ తీసుకోండి. వెలుతురు కూడా తగ్గించండి. షాపులో మెరవడానికి పెట్టిన 'వివిడ్' మోడ్‌లో తెల్ల పేజీ చూస్తే ఎవరి కళ్లయినా గుంజుతాయి.

వైర్లు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. టీవీ, కంప్యూటర్ రెండూ ఆఫ్ చేసి, ప్లగ్గులు తీసి హెచ్‌డీఎంఐ పెట్టండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో డెస్క్‌టాప్ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఆ స్థితిలో కేబుల్ గుచ్చితే చిన్న నిప్పురవ్వ చాలు, పోర్ట్ పోవడానికి. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టండి, ఆ బాక్సు మూడు పిన్నుల ఎర్త్ ఉన్న సాకెట్‌కి ఉండాలి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గులతో పాటు డిష్ లేదా కేబుల్ టీవీ వైరు కూడా తీసేయండి.

ఇంతకీ చెల్లె పని?

కేబుల్ మారింది, కోత ఆగింది, ఇన్‌పుట్ పేరు 'పీసీ' అయింది, స్కేల్ 125. కుర్చీ సోఫా పక్కకి జరిగింది. "ఇప్పుడు మూడు మూడు లెక్కనే ఉన్నది అన్నా" అంది. మిగతా సీజన్ బిల్లులన్నీ ఆ టీవీ మీదే ఎక్కించింది. కాక చిట్టీ ఎత్తలేదు.

అలాగని టీవీ మానిటర్ అయిపోయిందని చెప్పను. సాయంత్రం ఏడు కాగానే నానమ్మ వచ్చి సోఫాలో కూర్చుంటుంది. ఆవిడ సీరియల్ ముందు ట్యాలీ నిలబడదు. చెల్లె తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పని ముగించుకునేది. సీజన్ అయ్యాక తను సంపాదించిన డబ్బుతోనే ఓ మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొనుక్కుంది. గ్రాఫిక్స్ కార్డు కొనలేదు. తొందరలో అప్పు చేసి కొనడానికీ, తీరిగ్గా చూసుకుని కొనడానికీ మధ్య ఉన్న తేడా ఆ ఇంట్లో చాలా పెద్దది.

కాబట్టి మీ ఇంట్లో టీవీకి కంప్యూటర్ తగిలించి బొమ్మ బాగా రాకపోతే, షాపుకి వెళ్లే ముందు ఈ వరస గుర్తుంచుకోండి. ఒకటి, టీవీ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూసి అసలు రిజల్యూషన్ ఎంతో తెలుసుకోండి. రెండు, కంప్యూటర్ వెనక ఫోటో తీసి వీజీఏ కాక ఇంకేమున్నాయో చూడండి. మూడు, టీవీలో కోత ఆపండి. నాలుగు, ఇన్‌పుట్‌కి 'పీసీ' అని పేరు పెట్టండి. ఐదు, విండోస్‌లో రిజల్యూషన్, 60 హెర్ట్జ్ సరిచూడండి. ఆఖరున ఎర్ర చట్రం పరీక్ష. ఇవన్నీ చేశాక కూడా షాపులో ఎవరైనా కార్డు మార్చాలంటే, "ఎందుకు?" అని ఒక్క ప్రశ్న అడగండి. చుక్క లెక్కతో జవాబు చెప్పగలిగితే అప్పుడు డబ్బులు తీయండి.